స్నానశాల ఏ రాజ్యానికి ఇస్తారు?

మా చిన్నప్పుడు... ఒక వేసవి సెలవుల్లో, బందరులో మా ఇంటి ముందు గదిలో పెద్ద గొడవ జరుగుతోంది. స్నానశాల రోమ్ వాళ్ళకిస్తారా, ఈజిప్టు వాళ్ళకిస్తారా అని.

నవ్వకండి. మాకది జీవన్మరణ సమస్య.

కొద్ది నెలల ముందే నాన్న ఒక పాత కంప్యూటర్ కొన్నారు. ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా. అన్నయ్య చదువుకి పనికొస్తుందని కొన్నది... మేం మాత్రం అందులో రాజ్యాలు కట్టేవాళ్ళం. పురాతన రాజ్యాల్లో ఒకటి ఎంచుకుని, పొలాలు వేసి, గోడలు కట్టి, పక్కవాడి మీద యుద్ధానికి వెళ్ళే ఆట. దానికి కొత్త భాగం వస్తోందని, అందులో స్నానశాల అనే కట్టడం ఉంటుందని ఒక కంప్యూటర్ పత్రికలో బొమ్మ వేశారు. అది ఏ రాజ్యానికిస్తారో మాత్రం చెప్పలేదు.

"రోమ్ వాళ్ళకే. ఇంకెవరికిస్తారు?" అన్నాడు అన్నయ్య.

"నైలు నది ఉన్నది ఈజిప్టులో కదా. నీళ్ళున్నవాళ్ళకే ఇస్తారు," అంది పక్కింటి నస్రీన్. మా ఇద్దరిదీ ఒకే క్లాసు.

నేను సోషల్ పుస్తకం తెచ్చి మొహంజొదారో స్నానవాటిక బొమ్మ చూపించాను. "అందరికంటే ముందు కట్టింది మనవాళ్ళు. మనకివ్వకపోతే అన్యాయం."

"మనవాళ్ళకి ఏనుగులిచ్చారుగా, చాల్లే," అన్నాడు అన్నయ్య.

అప్పుడే అమ్మ పళ్ళెంలో తాటిముంజలు పట్టుకుని వచ్చింది. ఎప్పుడూ ఆ కంప్యూటర్ వంక చూడని మనిషి... ఆ రోజు ఆగింది.

"ఏంట్రా అది?"

"స్నానాల గదమ్మా. ఇది కడితే ఊళ్ళో జబ్బులు రావు. జనం సంతోషంగా ఉంటారు," అన్నాడు అన్నయ్య.

అమ్మ పత్రిక తీసుకుని బొమ్మని దగ్గరగా పెట్టుకుని చూసింది. "దీనికి పైకప్పు లేదేంటి?"

"ఆట ఆడేవాళ్ళకి పైనుంచి లోపలంతా కనబడాలి కదమ్మా. అందుకని తీసేస్తారు," అన్నాడు అన్నయ్య.

"పైనుంచి కనబడాలా..." అంది అమ్మ. పత్రిక తిరిగిచ్చేస్తూ, "అయితే మన పెరట్లో ఉన్నదానిలాంటిదే," అంది.

మా పెరట్లో స్నానాల గది అంటే నాలుగు వైపులా తాటాకు తడికలు, తలుపు బదులు గోనెపట్టా. పైన ఆకాశం. అన్నయ్య నవ్వాడు. నేనూ నవ్వబోయాను...

"వెనకాల ఆ మేడ లేచాక," అంది అమ్మ చాలా మామూలుగా, "తెల్లారిన తర్వాత నేను స్నానం చేయడం ఎప్పుడైనా చూశారా?"

నా చేతిలో ముంజ చేతిలోనే ఉండిపోయింది.

అమ్మ చీకటితోనే లేచి స్నానం చేస్తుందని మాకందరికీ తెలుసు. పూజ కోసమనుకునేవాళ్ళం. మా అమ్మకి ఎంత నిష్ఠో అని చుట్టాలతో గొప్పగా చెప్పేవాళ్ళం కూడా... చలికాలంలో వణుకుతూ వచ్చి పొయ్యి దగ్గర కూర్చునేది. ఆడపిల్లనైన నాకు మాత్రం వంటింటి మూల చీర అడ్డం కట్టి నీళ్ళు పోసేది. ఆ మేడ మీద పగలంతా ఎవరో ఒకరు ఉంటారని, ఇదంతా అందుకేనని నాకు ఆ క్షణం వరకూ తట్టలేదు.

మర్నాడు జరిగింది ఇంకా పెద్ద సంగతి.

బాగా పొద్దెక్కాక అమ్మ బకెట్టు, తువ్వాలు, బట్టలు పట్టుకుని వీధి గుమ్మం దిగింది. నాన్న అరుగు మీద పేపర్ చదువుతున్నారు.

"ఎక్కడికి?"

"స్నానానికండీ. మస్తాన్‌బీ వదిన వాళ్ళింట్లో గదుంది. కప్పుంది, తలుపుంది."

మస్తాన్‌బీ అత్తయ్య అంటే నస్రీన్ వాళ్ళమ్మ. నాన్న పేపర్ దించారు.

"బకెట్టు పట్టుకుని వీధిలోనా? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

"వీధిలో చూసేది బకెట్టునే కదండీ," అంది అమ్మ.

గొంతు పెంచలేదు. వెనక్కి తిరగలేదు. నాన్నకి అమ్మ ఎదురు చెప్పడం మేం అంతకు ముందు వినలేదు.

నాన్న పేపర్ మడిచి పెరట్లోకి వెళ్ళారు. గోనెపట్టా తప్పించి లోపలికి దూరి తల పైకెత్తారు. మేడ మీద ఎవరో కుర్రాళ్ళు పిట్టగోడకి ఆనుకుని కిందికి చూస్తూ కబుర్లు చెప్పుకుంటున్నారు. బయటికి వచ్చేసరికి నాన్న ముఖం పాలిపోయి ఉంది.

అమ్మ తడి జుట్టుతో తిరిగొచ్చింది. "నాకు చెప్పొచ్చుగా," అన్నారు నాన్న మెల్లిగా.

"మేడ కడుతున్నప్పుడే చెప్పానండీ. చూద్దాంలే అన్నారు. తర్వాత కంప్యూటర్ వచ్చింది. దుమ్ము పడకుండా దానికి ముసుగు కుట్టమన్నారు... కుట్టాను."

నాన్న ఆ రోజు అన్నం తినకుండానే ఆఫీసుకి వెళ్ళిపోయారు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం నేనూ అన్నయ్యా నస్రీన్ వాళ్ళింటి నుంచి వచ్చేసరికి ముందు గదిలో బల్ల ఖాళీగా ఉంది. కంప్యూటర్ లేదు. మా రోమ్, మా ఈజిప్టు, మా ఏనుగులు... ఏవీ లేవు. పెరటి గుమ్మం పక్కన ఇటుకలు దించి ఉన్నాయి.

అన్నయ్య ఏడ్చాడు. అందరికంటే అమ్మే ఎక్కువ అదిరిపడింది.

"అమ్మేశారా? పిల్లాడి చదువుకని కొన్నారు కదండీ."

"వాడు బయట నేర్చుకుంటాడులే," అన్నారు నాన్న.

నస్రీన్ వాళ్ళ నాన్న బాషా మావయ్య తాపీమేస్త్రి. ఆయనే గది కట్టారు. సిమెంటు రేకుల కప్పు, రేకు తలుపు, లోపల గడియ. పూర్తయిన రోజు అమ్మ కావాలనే మిట్టమధ్యాహ్నం స్నానానికి వెళ్ళింది. ఎంతసేపటికీ రాలేదు. కంగారుపడి తలుపు దగ్గరికి వెళ్ళాను...

లోపల అమ్మ పాడుతోంది.

మా అమ్మకి పాట వచ్చని నాకప్పటివరకూ తెలియదు. నాన్న పెరట్లో బావి పక్కన నిలబడి వింటున్నారు. నన్ను చూసి, పిలవొద్దన్నట్టు చెయ్యి ఊపారు.

స్నానశాల చివరికి రోమ్ వాళ్ళకే ఇచ్చారట. అన్నయ్య ఎప్పుడో నెట్ సెంటర్లో చూసొచ్చి చెప్పాడు. అప్పటికి మా ఇంట్లో దాని గురించి గొడవపడేవాళ్ళెవరూ లేరు.

ఇప్పుడు నేను గుడివాడలో ఉంటున్నాను, అమ్మ మా దగ్గరే ఉంటోంది. ఫ్లాట్లో రెండు బాత్‌రూములు, గోడకి గీజరు... మా అమ్మాయికి వీటి గురించి ఆలోచించాల్సిన అవసరమే రాలేదు, సంతోషం. కానీ ఎదురు ఫ్లాట్లో ఆవిడ పేరు కూడా నాకు సరిగా తెలియదు. అన్నీ ఉన్నాయి కదా అని ఒకరినొకరం ఏదైనా అడగడమే మానేశామేమో అనిపిస్తుంది.

మీ ఇంట్లోనూ అమ్మో, నాయనమ్మో ఏళ్ళ తరబడి నోరు మెదపకుండా సర్దుకుపోయింది ఏదో ఒకటి ఉండే ఉంటుంది... అది తెలిసిన రోజు మీకేమనిపించింది? కింద రాయండి. సాయంత్రం మా అమ్మ దగ్గర కూర్చుని, అన్నీ చదివి వినిపిస్తాను.