వాచిన మోకాలికి పొడి పథ్యం

నా మోకాలు వాచినప్పుడు మా అత్తయ్య నాకు నీళ్లు ఆపేసింది. కీలులో నీరు చేరింది కాబట్టి నోట్లో నీరు పోయకూడదట. పామర్రు దగ్గర మా ఊళ్లో అప్పట్లో అందరిదీ అదే మాట. బాలింతకు పెట్టినట్టు కారప్పొడి అన్నం, గొంతు తడుపుకోవడానికి రెండు గుక్కలు. డెబ్బైల్లో ఒక నడివేసవి అది. నాలుక పిడచకట్టి మంచంలో పడి ఉండేదాన్ని.

ఆమె మంచికే చేసిందని రాయమంటాడు మా ఆయన. రాయను.

నాట్లలోగా కాలు వంగకపోతే వాతలు పెట్టిస్తానంది. కాల్చి పెట్టేవాడికి కబురు కూడా పంపింది. మా ఆయన బతిమాలితే ముందు బెజవాడ తీసుకెళ్లడానికి ఒప్పుకుని, తానూ వెంట వచ్చింది.

గవర్నర్‌పేట డాక్టరు నా మొహం చూడలేదు. మోకాలికి సూది గుచ్చి పచ్చటి మసక నీరు లాగాడు. సూది మొన నుంచి వదిలితే టపటపా రాలింది. మంచి కీలులోదైతే తెల్లసొనలా తీగ సాగుతుందని మా ఆయనతో చెప్పాడు. గ్లాసులో పుల్లటి మందు పోసి అందులో కొంచెం వేశాడు. జిగురు బాగుంటే ముద్ద కట్టాలట. నాది విరిగిన పాలలా చెదిరిపోయింది. వాపు ఆ జిగురును పాడుచేస్తోందని, మాత్రలు వాడాలని అన్నాడు.

ఆ జిగురు హైలురోనిక్ ఆమ్లమని ముసలితనంలో చదవడం వచ్చాక నేనే తెలుసుకున్నాను. ఆ రోజు నాతో ఎవరూ ఏమీ చెప్పలేదు. కాలేమో నాది.

అత్తయ్య గ్లాసులోకి తొంగి చూసింది.

"చూశావుటే? నీళ్లే. చాటుగా తాగుంటావు."

డాక్టరు నవ్వి ఊరుకున్నాడు. తాగే నీళ్లకూ దీనికీ సంబంధం లేదని ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయేది? ఇక నేనే నోరు తెరిచాను.

"నీళ్లు తాగొచ్చాండీ?"

"తాగక?" అన్నాడు, తల ఎత్తకుండా.

ఆయనకు మన వాతం నొప్పుల సంగతేం తెలుసని అత్తయ్య బస్టాండుదాకా సణిగింది. అక్కడ కుళాయి దగ్గరికి కుంటుకుంటూ వెళ్లి దోసిలి పట్టాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకోబోయింది. విదిలించుకుని కడుపునిండా తాగాను.

"వాతలవాడు వస్తే మీ మోకాలు చూపించుకోండి అత్తయ్యా" అన్నాను.

ఆ ఏడు కాలు సగమే వంగింది, నాట్లకు దిగలేదు. వాత మాత్రం పడనివ్వలేదు. ఆ రోజు బస్సులో ఇంటిదాకా ఆమె నాతో మాట్లాడలేదు. ప్రాణానికి హాయిగా ఉంది.