ఊ కొట్టని కథ

సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజులు. పలాసలో ప్యాసింజరెక్కితే, నా ఎదుట పదహారేళ్ల పిల్ల ఒళ్లో టేపురికార్డరు పెట్టుకుని కూర్చుంది. ఉద్దానంలో ముసలివాళ్లు చెప్పే కథలు రికార్డు చేసి, ఆదివారాలు బడి అరుగు మీద ఊరందరికీ వినిపిస్తారట. అంతా తన ఈడు పిల్లలేనట.

"నానే లీడర్ని," అని బటన్ నొక్కింది.

ఒక ముసలమ్మ గొంతు. రెండు మాటలు చెప్పి ఆగుతోంది, మళ్లీ చెబుతోంది. మధ్యలో ఒక్క "ఊ" కూడా లేదు.

"టేపు పాడైపోద్దని నానే ఎవుల్నీ ఊ కొట్టనియ్యలేదు బాబూ. మామ్మకి కోపమొచ్చి సగంలో ఆపీసింది. కిడ్నీలు పోయి మొన్న సచ్చిపోనాది."

రాజుగారి కూతురు బావిలోకి తొంగిచూసిందన్న చోట గొంతు ఆగిపోయింది. తర్వాత ఉత్త గరగర. పిల్ల నా వైపే చూస్తోంది. ఏం చేయాలో తోచక "ఊ" అన్నాను.

టేపులో ఎవరో గొంతు సవరించుకున్నారు.

పిల్ల చటుక్కున ఆపేసింది. ఆ ముఖంలో భయం లేదు, కంగారే ఉంది.

"మామ్మ మిగతా కత ఇక్కడే సెప్పీగల్దు బాబూ. మా ఊరోలంతా ఇనాల," అని సుమ్మాదేవిలో దిగిపోయింది.

బావిలో ఏముందో నాకు తెలియదు. ఇప్పటికీ ఆ దారిలో వెళ్తే మాత్రం, ఆ స్టేషను దాటేదాకా ఎవరేం చెప్పినా ఊ కొట్టను.