నేను తుడిచేసిన ఉప్పు

మదనపల్లెలో నాకు సెల్‌ఫోన్ల రిపేరు కొట్టు ఉన్న రోజుల్లో నాలాంటి పొగరుబోతు ఆ వీధిలో ఇంకొకడు లేడు. గొప్ప కోసం చెప్పడం లేదు. రెండువేల ఎనిమిదిలో టచ్ ఫోను విప్పి మళ్ళీ బిగించగలిగినవాళ్ళం ఊళ్ళో ముగ్గురమో నలుగురమో. మిగతావాళ్ళు ఆ స్క్రీన్ చూడగానే చేతులెత్తేసేవాళ్ళు. పుంగనూరులో మా ఇంట్లో కూడా, చదువులో వెనకబడ్డ చిన్నకొడుకు మాటకు ఒక్కసారిగా విలువ పెరిగిపోయింది. ఫ్యాను తిరగకపోయినా, టీవీలో బొమ్మ వణికినా అమ్మ నా కోసమే కబురు పెట్టేది. అదంతా నా నెత్తికెక్కింది.

మా అన్న నెల్లూరు వైపు సముద్రం ఒడ్డున రొయ్యల చెరువుల దగ్గర సూపర్‌వైజరుగా చేరాడు. వదినది కుప్పం. పెళ్ళయి రెండేళ్ళు. చెరువుల పక్కనే రేకుల ఇంట్లో కాపురం పెట్టారు. వాళ్ళు బయలుదేరే రోజున వదిన చేతిలో ఒక చైనా టచ్ సెట్ పెట్టాను. మా వంశంలో మొదటి టచ్ ఫోను అది. ఇచ్చింది నేనని బంధువులందరికీ తెలిసేలా చూసుకున్నాను కూడా.

ఆ ఊరి గాలి గురించి వదిన ఫోన్లో చెబుతుంటే మేం నవ్వేవాళ్ళం. డబ్బాలో ఉప్పు నీరైపోతుందట. అగ్గిపుల్ల వెలగదట. ఉతికిన చీర మూడు రోజులైనా ఆరదట, ఆరినా ఒంటికి అంటుకుంటుందట. మా పుంగనూరులో రెండో గుడ్డ పిండేలోపు మొదటిది ఆరిపోతుంది. మాకవన్నీ పని తప్పించుకునే కోడలి సాకుల్లాగే వినిపించాయి.

ఆరు నెలలు తిరక్కముందే ఇంకో సాకు వచ్చింది. ఫోను దానంతట అదే కాల్స్ చేస్తోందట. ఎవరికి? జాబితాలో మొదటి పేరు ఆటో అతనిది. సంతకు పోయి రావడానికి ఆ నంబరు ఎక్కించింది అన్నే. ఒక్క రోజులో పదకొండుసార్లు అతనికి ఫోను పోయింది. ఎవరూ మాట్లాడకపోయేసరికి అతను తిరిగి చేశాడు. అది అన్న కంట పడింది.

ఎండాకాలంలో ఆమెను పుంగనూరు తీసుకొచ్చాడు. నడవలో అందరూ కూర్చున్నారు. అమ్మ, మేనమామ, పెద్దత్త, పిలవకుండానే వచ్చిన పక్కింటివాళ్ళు. కుప్పం నుంచి వదిన వాళ్ళ నాన్న వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. ఆయన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

వదిన ఏడవలేదు. "నేను ముట్టుకోనే లేదు. అద్దం మీద సెమ్మ పట్టినట్టు ఐతాది, అప్పుడు దానంతట అదే ఎగరలాడతాది. కాణిపాకం పోదాం పదండి. తడిగుడ్డలతో దేవుని ముందర ప్రమాణం సేస్తా" అంది.

మా జిల్లాలో ఆ మాటకు తిరుగు లేదు. దొంగతనమైనా, గట్టు తగాదా అయినా, కాణిపాకంలో ప్రమాణం చేస్తానని ముందుకొచ్చిన మనిషిని ఇంకో ప్రశ్న అడగరు. తప్పు చేసినవాడు ఆ ఊరి పేరెత్తడానికే జంకుతాడు. మేనమామ తలూపాడు. అమ్మ కూడా మెత్తబడి, ఆదివారం పోదామంది. నేను నోరు మూసుకుని ఉంటే అంతటితో అయిపోయేది.

మూసుకోలేదు. ఫోను నేనిచ్చింది, దానికి జబ్బుందని తేలితే పోయేది నా పరువు. "ఈ కాలంలో కూడా ప్రమాణాలు యాల? మిషను అబద్ధం సెప్పదు. నాకియ్యండి, మూడు దినాల్లో తేల్సేస్తా" అన్నాను. మేనమామకు నా మాట నచ్చింది. కుర్రవాడు బాగా చెప్పాడన్నాడు. వదిన ఫోను నా చేతిలో పెడుతూ, "బాగా సూడప్పా" అంది.

ఏ ఫోను బల్ల మీదికి వచ్చినా ముందు విప్పి, బ్రష్‌తో థిన్నర్ కొట్టి తుడవాలి. బల్బు కింద ఆరబెట్టాలి. ఆ తర్వాతే జబ్బు వెతకాలి. నాకు పని నేర్పినాయన పెట్టిన పద్ధతి అది. దీన్నీ అలాగే చేశాను. స్క్రీన్ నుంచి బోర్డుకు వచ్చే పట్టీ అంచున తెల్లగా పొడి పేరుకుని ఉంది. ముఖానికి పూసుకునే పౌడరు అనుకున్నాను, ఆడవాళ్ళ ఫోన్లలో మామూలే. ఒక్క దెబ్బకు పోయింది. అప్పటికి నేను సముద్రాన్ని చూడనే లేదు.

మూడు రోజులు మదనపల్లె ఎండలో ఆ ఫోను నా బల్ల మీద ఉంది. నేను నొక్కితే తప్ప ఒక్క అంకె కదల్లేదు. నాలుగో రోజు అదే నడవలో అందరి ముందూ నిలబడి, "ఫోను బ్రహ్మాండంగా ఉండాది" అన్నాను. అక్కడితో ఆపలేదు. "ఆటో ఎక్కి తిరగాలని ఆశ ఫోనుకు యాడిది వదినా?" అన్నాను.

అందరూ నవ్వారు. పెద్దత్త కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది. ఆ నవ్వు నాకు ఎంత బాగుందో ఇప్పటికీ గుర్తుంది. వదిన మళ్ళీ కాణిపాకం అంది. "తప్పు తేలినంక దేవుని దగ్గరికి యాలమ్మా" అంది అమ్మ. వాళ్ళ నాన్న సంచీ తీసుకున్నాడు. ఇద్దరూ కుప్పం బస్సెక్కారు. దసరాకు పెద్దమనుషుల ముందు విడాకుల కాగితం కూడా రాసేశారు.

కార్తీకంలో మొదటిసారి అన్న దగ్గరికి పోయాను. బస్సు దిగగానే చొక్కా వీపుకు అతుక్కుంది. గోడలు చెమర్చి ఉన్నాయి. రెండో రోజు పొద్దున ఇద్దరం టీ తాగుతుంటే బల్ల మీద ఉన్న నా టచ్ సెట్ వెలిగింది. ఎవరూ ముట్టుకోలేదు. స్క్రీన్ గజిబిజిగా అటూ ఇటూ పరుగెత్తి, అమ్మ నంబరు పట్టుకుని డయల్ చేసింది. కట్ చేస్తే మళ్ళీ చేసింది. నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. అన్న మాత్రం టీ తాగుతూనే ఉన్నాడు.

"నాదీ ఇట్లే సేస్తాండాది" అన్నాడు.

"యెప్పటి నుంచి?"

"చవితి నుంచి."

చవితి అంటే దసరాకు ముందే. కాగితం మీద సంతకం పెట్టేనాటికి అన్నకు తెలుసు. మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. "సూసి సెప్పింది నువ్వే గదరా. నీ మాట తీసేసినట్టు ఐతాదని ఊరుకున్యా" అన్నాడు. నా మీద అంత ప్రేమ ఆయనకు ఎన్నడూ లేదు. అన్న ఫోను విప్పి చూశాను. పట్టీ అంచున అదే తెల్లపొడి. నాలిక కొసకు తాకించాను. ఉప్పు. నేను పౌడరని తుడిచేసింది ఆమె పక్షాన ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని.

అటు నుంచి అటే కుప్పం పోయాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను, అయినా పోయాను. వాళ్ళ నాన్న నాకు కుర్చీ వేశాడు. వదిన పట్టుపురుగులకు మల్బరీ ఆకు వేస్తోంది. నేను చెప్పినంతసేపూ చెయ్యి ఆపలేదు.

"ఆ పొద్దు ఫోను సెప్తే నమ్మినావు, ఈ పొద్దు కూడా ఫోను సెప్తేనే నమ్మినావు. నేను సెప్తే యెప్పుడు నమ్మినావప్పా?" అంది.

నేను ఆకుల బుట్ట ఆమె దగ్గరికి జరిపాను.

"నేను మళ్ళా మీ ఇంటికి రాను, భయపడొద్దు. ఆ నడవలో ఎవరెవరు నవ్వినారో వాళ్ళందర్నీ కూసోబెట్టి, నాది తప్పు కాదని ఒక్క మాట సెప్పు. అంతే."

చెబుతానని మాటిచ్చాను. పుంగనూరు వచ్చి అమ్మతో అంతా చెప్పాను. అమ్మ లేచి వాకిలి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. తర్వాత, "ఐపోయిందాన్ని ఇప్పుడు యాల కెలుకుతావురా? మీ అన్నను సూసేదానికి పెద్దమండ్యం వాళ్ళు ఆదివారం వస్తాండారు" అంది. నిజం చెప్పాలంటే, ఆ మాటకు నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఆదివారం వాళ్ళొచ్చారు. నడవ నిండా మావాళ్ళే. మేనమామ, పెద్దత్త, పక్కింటివాళ్ళు, ఆ రోజు నవ్వినవాళ్ళు ఒక్కరు కూడా తగ్గలేదు. పిల్ల తండ్రి నెమ్మదైన మనిషి. మొదటి కోడలు ఎందుకు పోయిందో తెలుసుకోవాలి కదా అని మెల్లగా అడిగాడు. అన్న తల దించుకున్నాడు. అందరూ నా వైపు చూశారు.

"ఫోన్లో దొరికిపోయిందిలేప్పా. నేనే పరీక్ష సేసినా" అన్నాను.

ఆయన సరేనన్నట్టు తలూపి, కాఫీ గ్లాసు అందుకున్నాడు.