కప్పు తట్టిన చప్పుడు

దయ్యాలను నమ్మే మనిషిని కాను. ఇల్లందులో పుట్టి పెరిగాను. బొగ్గు బాయిలో పోయినవాళ్లు రాత్రిళ్లు తిరుగుతారని ఎవరైనా అంటే, "షిఫ్టు దిగినోళ్లకే నడిచే ఓపిక ఉండదు, సచ్చినోళ్లకు ఏడికెళ్లి వస్తది?" అని నవ్వేదాన్ని.

మా ఆయన బొగ్గు బాయిలో పనిచేశారు. అక్కడ ముందు కర్రతో పైకప్పు తట్టి, చప్పుడు విని, గట్టిగా ఉందనుకుంటేనే దాని కిందికి వెళతారు. రిటైరయ్యాక కూడా ఈయనకు ఆ అలవాటు పోలేదు. చుట్టాలింటికి వెళ్లినా గొడుగుతో స్లాబు తట్టేవారు. అందాకా నేను గుమ్మం బయటే నిలబడాలి. "గట్టిగనే ఉంది, రా" అన్నాకే లోపలికి. నలుగురిలో నాకు తల కొట్టేసినట్టుండేది.

నిరుడు గుండెపోటుతో పోయారు. అప్పటినుంచి ఇంట్లో పడుకోలేకపోతున్నాను. లోపలికి వెళితే ఊపిరాడదు. వసారాలోనే మంచం వేసుకున్నాను.

మొన్న వానాకాలంలో ములకలపల్లి అవతల, అడవి అంచున ఉన్న బుద్ధుడి గుడికి ఒక్కదాన్నే వెళ్లాను. ఆయనకు ఇష్టమైన చోటు. గంటలు లేవు, గోల లేదు, చెవులకు హాయిగా ఉంటుందనేవారు. ఆవరణలో టేకు చెట్లు, ఖాళీ బెంచీలు. ఆకులు ఊడ్చే కాపలాదారు తప్ప ఎవరూ లేరు.

వాన మొదలైంది. గుడి దాకా వెళ్లి, అలవాటు కొద్దీ బయటే ఆగిపోయాను. ఎవరి కోసం ఆగానో గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

"తడుస్తున్నవేందమ్మా, లోపలికి పోరాదూ?" అన్నాడు కాపలాదారు, పక్కనున్న రేకుల కింద నుంచి.

అప్పుడే లోపల కప్పు తట్టిన చప్పుడు. టక్, టక్, టక్. గట్టి స్లాబు పలికే చప్పుడే అది.

"ఎవరున్నరు లోపల?" అంటూ అతను నాకంటే ముందు వెళ్లాడు. ఒకటే గది, ఒకటే తలుపు. బుద్ధుడి విగ్రహం తప్ప ఎవరూ లేరు. పొడి నేల మీద మా ఇద్దరి తడి అడుగులే ఉన్నాయి.

"కోతులేమో" అన్నాడు. బయటికి వెళ్లి పైకి చూసి వచ్చి, "పైన ఏం లేవమ్మా" అంటూ మళ్లీ రేకుల కిందికి వెళ్లిపోయాడు.

నేను ఆ కప్పు కింద కూర్చున్నాను. ఆయన పోయాక మొదటిసారి ఊపిరి నిండా పీల్చుకున్నాను. గోడకు ఆనుకుని కునుకు కూడా తీశాను.

సాయంత్రం ఇంటికి చేరి, తలుపు బార్లా తెరిచి, గుమ్మం బయట నిలబడ్డాను. వీధిలైట్లు వెలిగాయి. "లోపలికి పోవా అక్కా?" అని పక్కింటామె అడిగింది. పోతానన్నాను.

ఆ చప్పుడేమిటో ఇప్పటికీ తెలియదు. అక్కడ వినిపించింది మా ఇంట్లో ఎందుకు వినిపించదో అసలే తెలియదు. మంచం ఇంకా వసారాలోనే ఉంది.