స్పెయినాయన అట్టపెట్టె

మొన్న షార్జాలో రోలా బజారులో నైలాన్ తాడు కోసం నాలుగు దుకాణాలు తిరిగితే, ఆఖరి దుకాణదారు దుమ్ము దులిపి ఒక చుట్ట తీసిచ్చి, ఇప్పుడందరూ చక్రాల పెట్టెలే కొంటున్నారు చాచా, తాడు నీకెందుకని నవ్వాడు. మన ఈడు వాళ్లకు వేరే చెప్పాలా! లేబర్ క్యాంపులో ఎవరైనా ఖలాస్ చేసుకుని, అంటే కొలువు ముగించుకుని, ఇంటికి పోతుంటే గదిలో వాళ్లంతా చేరి అట్టపెట్టెకు తాడు బిగించి, నల్ల మార్కరుతో పేరూ ఊరూ రాసేవాళ్లం. పోయేవాడు తన పెట్టె తాను కట్టుకోకూడదు, అది మన పద్ధతి. తాడు చేతిలో పడగానే నేను కట్టిన పెట్టెలన్నిట్లోకీ ఒక్కటే గుర్తొచ్చింది.

కరోనా ఏడాది నేను అల్ ఐన్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో ఆటగాళ్ల బట్టలు ఉతికే పనిలో ఉండేవాణ్ని. ఆ ఏడే వచ్చాడు స్పెయినాయన. తన దేశంలో పెద్ద క్లబ్బులకు ఆడి, వయసు ముదిరాక మనలాగే దుబాయ్ దారి పట్టిన డిఫెండరు. గోల్ కొట్టినవాడికి చప్పట్లు, కాపాడేవాడికి తప్పినప్పుడు తిట్లు. చేనుకు కంచె ఉన్నన్నాళ్లు దాన్ని ఎవరు చూస్తారు? జనాన్ని రానివ్వని రోజులు గనుక, ఖాళీ స్టేడియంలో తోటివాళ్లను హెచ్చరిస్తూ ఆయన వేసే కేకలు నేను బట్టలు ఉతికే గదిదాకా వినిపించేవి.

రోజూ అందరికన్నా ముందు ఆయన ఆ గదికే వచ్చి, వాచిన కుడి మోకాలికి ఐసు పెట్టుకునేవాడు. డాక్టరుకు తెలిస్తే ముదీర్‌కు, అదే మేనేజరుకు, తెలుస్తుంది, ముదీర్‌కు తెలిస్తే కొత్త కాంట్రాక్టు ఉండదు. ఇంకొక్క ఏడాది ఆడాలన్నదే ఆయన ఆశంతా. "చాచా, డాక్టర్ నో" అని పెదవి మీద వేలు పెట్టేవాడు. ఇండస్ట్రియల్ ఏరియాలో వెల్డింగ్ చేసిన మా బావదీ ఇదే పాట. "నడుం నొస్తుందంటే అన్‌ఫిట్ రాసి పంపిస్తరు, సప్పుడు చెయ్యకు బామ్మర్దీ" అనేవాడు, చివరికి స్ట్రెచర్ మీద విమానమెక్కాడు. ఆ సంగతి వచ్చీరాని ఇంగ్లీషులో, చేతి సైగలతో ఆయనకు చెప్పి చూశాను. అంతా విని, నా భుజం తట్టి, మోకాలికి పట్టీ బిగించుకుని మైదానంలోకి పోయాడు. కోటి విద్యలూ కూటి కొరకే అంటారు గదా.

సీజను చివర్లో ఒక మ్యాచ్‌లో, ఎవరూ తగలకుండానే, వెనక్కి తిరగబోయి కూలిపోయాడు. ఆ అరుపు ఉతికే మెషిన్ల హోరు దాటి వినిపించింది. కొన్నాళ్లకే ముదీర్ వచ్చి, ఆ నంబరుకు కొత్త ఆటగాడు వస్తున్నాడు, చొక్కాల మీద పేరు తీసెయ్, యల్లా యల్లా అని తొందరపెట్టాడు. వేడి చేసి అక్షరాలు పీకానుగాని, వాటి అచ్చు గుడ్డలోనే ఉండిపోయింది.

పోయేనాడు ఆయన ఊతకర్రలతో వచ్చి, బూట్లూ పట్టీలూ ఒక అట్టపెట్టెలో పడేసి కట్టబోతుంటే చేయి అడ్డుపెట్టాను. జట్టులో ఒక్కరూ రాలేదు. నేనే తాడు బిగించి, ఆయన పేరు రాసి, ఎప్పటి అలవాటున కింద హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్ అనీ రాసేశాను. నాలుక్కరుచుకుని, అది మావాళ్లు దిగే చోటు సాబ్ అంటూ కొట్టేయబోతే ఆపాడు. "సేమ్ చాచా. ఖలాస్ సేమ్" అన్నాడు.

ఇప్పుడు కంపెనీ డాక్టరు నాకూ అన్‌ఫిట్ రాశాడు. క్యాంపు గదిలో ఉన్నవాళ్లంతా కొత్త పిల్లలు, మంచివాళ్లే, ఎవరి ఫోన్లో వాళ్లు. పెట్టె నింపి, తాడు దాని మీద పెట్టి రెండు రోజులైంది. పోయేవాడు తన పెట్టె తాను కట్టుకోకూడదని వాళ్లకు నేనెలా చెప్పను?