ఎర్రదారం కట్టిన చోటు

నిన్న నాచారంలో ఒక రక్తపరీక్షల కేంద్రంలో ఫారం నింపుతుంటే చెవి వెనక గుసగుస వినిపించింది. ముతకగుడ్డను చెక్కబల్ల మీద ఈడ్చినట్టు గరగరమంటూ. "దారం ఏడ వాయె అల్లుడా?" తిరిగి చూశాను. వెనక గోడ, గోడకు క్యాలెండరు. దాని కాగితం కూడా కదలడం లేదు. ఆ గొంతు రాజమల్లు మామది. ఆయన పోయి ఆరేళ్లయింది.

మామ అంటున్నానే గాని చుట్టరికం లేదు. నాచారం మిల్లులో బట్ట తానులు తనిఖీ చేసే పని చేసి, మిల్లు మూతబడ్డాక ఉప్పల్‌లో కట్‌పీసుల దుకాణం పెట్టాడు. పక్క దుకాణం మా నాన్నది. బేరమాడటం తప్ప మరే విద్యా అబ్బని నన్ను, డిగ్రీ తప్పాక, మామ దగ్గర పనికి పెట్టాడు. నా ఘనత ఏమిటంటే, కొత్తిమీర కొంటే కరివేపాకు ఊరికే రాబట్టుకోనిదే ఇప్పటికీ బండి ముందు నుంచి కదలను.

నేను చేరేనాటికే మామకు గొంతు కేన్సర్ వచ్చి తగ్గింది. రేడియేషన్ కరెంటు పెట్టించుకుని బతికాడు గాని, మాట గుసగుసగానే మిగిలింది. ఆయన అలా మాట్లాడితే ఎదుటివాళ్ల గొంతూ తగ్గిపోయేది. బయట బస్సుల హారన్లు మోగుతుంటే, లోపల ఆడవాళ్లు శవమున్న ఇంట్లోలా లోగొంతుతో బేరమాడేవారు. మొదటి వారం నాకు ఒళ్లు జలదరించింది. రెండో వారానికి నేనూ గుసగుసలాడుతున్నానని మా నాన్న తిట్టాడు.

మిల్లులో బట్టకు ఎక్కడైనా నేత దోషం ఉంటే, సరిగ్గా ఆ చోట అంచుకు ఎర్రదారం ముక్క కడతారు, కొనేవాడికి తెలియాలని. మా బజారులో తాను విప్పగానే చేసే మొదటి పని ఆ దారం కత్తిరించడం. నేనూ అలాగే కత్తెర పట్టాను. మామ నా మణికట్టు పట్టుకున్నాడు.

"దారం తీస్తె దోషం పోతదారా?"

"కనవడదు గద మామా."

"నీకు కనవడదు. గుడ్డకు యాదుంటది."

పట్టపగలే, ఎందుకో, ఆ గుడ్డ మీద నుంచి చెయ్యి తీసేశాను.

చాలా ఏళ్ల తర్వాత ఆయనకు ప్రోస్టేట్ కేన్సర్ అన్నారు. ఆపరేషన్ చేస్తే బాగవుతుందన్నారు. పెద్ద దవాఖానాలో ఫారం నేనే నింపాను. ‘గతంలో కేన్సర్ వచ్చిందా?’ అన్నచోట ‘లేదు’ అని రాశాను. ఒకసారి చిరిగి కుట్టిన గుడ్డ అని తెలిస్తే పక్కన పడేస్తారని, ఇక ఆపరేషన్ చెయ్యరని నా భయం. సరుకులోని లోపం మనంతట మనం చెప్పకూడదన్నది మా ఇంటి పాఠం.

"గొంతు ఎందుకలా ఉంది?" అని అడిగింది డాక్టరమ్మ.

"చుట్టలు మేడం, మస్తు తాగెటోడు," అన్నాను నేను, మామ నోరు తెరిచేలోపే.

మామ నన్ను చూశాడు. జేబులోంచి ఎర్రదారం ముక్క తీసి, నిదానంగా ఫైలు అంచున ఉన్న రంధ్రంలో ముడివేసి, ఆమె ముందుకు జరిపాడు.

"ఏంటండీ ఇది?"

"ఈడ దోషమున్నది మేడం. ఎన్కట గొంతుకు కేన్సరయ్యింది. మా అల్లుడు దారం కత్తిరిస్తుండు."

వినడానికి ఆమె కూడా ముందుకు వంగింది. ఆమె గొంతూ తగ్గిపోయింది. "ప్రోస్టేట్‌ది నెమ్మదిగా పెరిగేదేనండీ. మీరు ఎన్నాళ్లుంటారన్నది దానికన్నా పాతదాని మీద ఎక్కువ ఆధారపడొచ్చు. అందరికీ అలా కాదు. ఏది వచ్చింది, ఎప్పుడు వచ్చింది అన్నది చూడాలి. గొంతుకు వచ్చినవాళ్లకు ఊపిరితిత్తులు కూడా చూడాలి. ముందు స్కాన్ తీద్దాం."

ఊపిరితిత్తిలో మచ్చ ఉంది. ప్రోస్టేట్ నుంచి పాకింది కాదు, వేరే కేన్సర్. ఇంకా చిన్నదే. ఆపరేషన్ ఆపి ముందు దానికి వైద్యం చేశారు. మామ మరో నాలుగేళ్లు దుకాణంలో కూర్చున్నాడు. చివరికి ఆ ఊపిరితిత్తే తీసుకుపోయింది. మేమంతా భయపడిన ప్రోస్టేట్ మాత్రం, తొందరలేని గిరాకీలా, ఓ మూల కూర్చునే ఉండిపోయింది.

ఆఖరి రోజుల్లో, చెంగిచెర్లలోని ఆయన ఇంట్లో, గుసగుస కూడా ఆగిపోయింది. పెదవులే కదిలేవి. వింతేమిటంటే, నాకు మాటలు వినబడేవి. "ఏమంటుండు బిడ్డా?" అని అత్తమ్మ నన్నే అడిగేది. నేను చెబితే ఆయన తల ఊపేవాడు. ఒక మధ్యాహ్నం, "కిటికీ తెరువుమంటుండు అత్తమ్మా," అన్నాను. ఆమె దగ్గరకెళ్లి చెయ్యి ముట్టుకుంది.

"సల్లగున్నడురా. ఎప్పుడో పోయిండు."

కిటికీ తెరిచాను. మరేం చెయ్యాలో తెలియలేదు.

నాకు మూడేళ్ల కిందట నాలుక అంచున చిన్న గడ్డ కోశారు. కేన్సరే. బజారులో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రక్తపరీక్ష చూసి ప్రోస్టేట్ అనుమానమన్నారు. నిన్నటి ఫారంలోనూ అదే ప్రశ్న. నా చెయ్యి దానంతట అదే ‘లేదు’ అని రాసేసింది. యముడు వచ్చినా ముందు సరుకు మంచిదేనని చెప్పే జాతి మాది. అప్పుడే, చెవి వెనక, ఆ గుసగుస.

కొట్టేసి, ‘వచ్చింది’ అని రాశాను. కౌంటరు దగ్గరకెళ్లి ఆ గీత మీద వేలు పెట్టి చూపించాను. "ఈడ దోషమున్నదమ్మా. డాక్టరుకు ముందే చెప్పాలె." నాకైతే మామూలుగానే, గొంతెత్తే చెప్పినట్టుంది.

కౌంటరులో అమ్మాయి మెల్లగా ముందుకు వంగింది. "ఎందుకు సార్," అంది తనూ గొంతు తగ్గించి, "గుసగుస వెడ్తున్రు?"