క్లచ్ లేని కారు కోసం

గాజువాకలో స్కూటర్ మీద నుంచి పడ్డాక నా ఎడమ చీలమండ సరిగా వంగడం మానేసింది. ఆపరేషన్ చేసిన డాక్టరు ఎక్స్‌రే చూపించి, "నడుస్తారు, మెట్లెక్కుతారు. క్లచ్ మాత్రం తొక్కకండి" అన్నాడు. అయితే ఆటోమేటిక్ కారు కొందామని ఆ రోజే మా ఆయనతో చెప్పాను. నాది స్టీల్ ప్లాంట్ ల్యాబ్‌లో షిఫ్టు డ్యూటీ, ఆయనది పోర్టులో ఉద్యోగం. ఇద్దరి వేళలూ కలవవు. ఎవరి బండి ఖాళీగా ఉంటే వాళ్ల వెనక ఎక్కి డ్యూటీకి పోవడం నాకు నచ్చలేదు. పైగా మా ఇంట్లో కారు నడపడం వచ్చింది నాకొక్కదానికే.

తీరా మేం వెళ్లేసరికి విశాఖ షోరూముల్లో కార్లే లేవు. కరోనా సద్దుమణిగి, అందరికీ ఒక్కసారిగా సొంత బండి కావాలనిపించిన రోజులవి. ఎక్కడో ఎలక్ట్రానిక్ చిప్పులు తయారవక కార్లు ఫ్యాక్టరీలోనే ఆగిపోయాయట. అద్దాల గదిలో టైల్స్ తళతళలాడుతున్నాయి. ఓ మూల ఒకే ఒక్క బూడిదరంగు కారు. సేల్స్ ఆఫీసరు మమ్మల్ని నేరుగా దాని దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఆటోమేటిక్ అంటే ఎప్పుడొస్తుందో చెప్పలేను మేడమ్. ఇది గేర్లది. ఒకాయన క్యాన్సిల్ చేసుకున్నారు. ఈ వారమే తీసుకెళ్లిపోవచ్చు."

"ఈ కాలితో నేను క్లచ్ తొక్కలేనండీ."

"అలవాటైపోతుంది మేడమ్. ఈ రోజుల్లో దొరికిందే అదృష్టం."

మా ఆయన నా చెవి దగ్గర, "డ్రైవర్ని పెట్టుకుందామా?" అన్నారు. ఆయన కంగారు నాకర్థమైంది. కానీ డ్రైవర్ కోసం ఎదురుచూడాలంటే నాకు కారెందుకు? ఆటోమేటిక్‌కే బుక్ చేసి వచ్చేశాను.

తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా "వెయిటింగ్ లిస్టులో ఉన్నారు మేడమ్" అన్నదొక్కటే జవాబు. బూడిదరంగు ఎవరికీ నచ్చక మిగిలిపోయిన ఆ గేర్ల కారు సంగతి మాత్రం ప్రతిసారీ గుర్తుచేసేవారు. అదే డీలరుకు చుట్టుపక్కల ఊళ్లలో చిన్న చిన్న బ్రాంచీలున్నాయి. అక్కడికీ ఫోన్ చేస్తే లేదన్నారు. ఫోన్లో లేదనడానికి ఎవరికైనా క్షణం చాలు. అందుకని ఓ వీక్లీ ఆఫ్ నాడు పొద్దున్నే రైలెక్కి ఎలమంచిలిలో దిగాను. "ఆ కాలితో అంత దూరమా?" అన్నారు మా ఆయన. "ఈ కాలి కోసమేగా!" అన్నాను.

హైవే పక్కన బ్రాంచి. లోపల ముదురు నారింజ రంగు కారొకటి డెలివరీకి సిద్ధంగా, రిబ్బను కట్టి ఉంది. దాని ముందు తెల్ల చొక్కా వేసుకున్న పెద్దాయనొకరు మేనేజరుతో గట్టిగా వాదిస్తున్నారు.

"ఏటండీ ఇది? బండికి క్లచ్చే నేదు! మా కోడలు సెప్పిందని రాయించీసాను గానీ, నిన్న ఒక రౌండు తోల్తే నా ఎడంకాలు ఊరికే నేలకేసి తన్నుతంది. గేర్లున్నది ఇప్పించండి."

"గేర్లది మా దగ్గర లేదండి. వద్దంటే మళ్లీ మొదటి నుంచి బుక్ చేసుకోవాలి" అన్నాడు మేనేజరు.

నాకు నవ్వాగలేదు. దగ్గరికి వెళ్లి, "మీకు గేర్ల బండి నేనిప్పిస్తాను. ఇది నాకొదిలేస్తారా?" అని అడిగాను.

ఆయన నన్నూ, నేను అడుగేసే తీరునూ చూశారు. "నీ కాలికేటైనాదమ్మా?"

చెప్పాను. తనది బెల్లం వ్యాపారమనీ, వయసులో ఉన్నప్పుడు సొంతంగా లారీ తోలేవాణ్ణనీ ఆయనా చెప్పారు.

అలా మార్చడం కుదరదని మేనేజరు అడ్డుపడ్డాడు. నేను విశాఖలోని సేల్స్ ఆఫీసరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. "ఆ గేర్ల కారు ఇంకా ఉందా?"

"ఉంది మేడమ్! నేనప్పుడే చెప్పాను కదా, ఈరోజే వచ్చేయండి."

"నాకు కాదు, మీ ఎలమంచిలి బ్రాంచికి పంపండి. ఇక్కడి ఆటోమేటిక్‌కు నా పేరు రాయండి. మీ రెండు బ్రాంచీలూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే నేను రైలెక్కే పనుండేది కాదు."

మేనేజరు ఫోన్ తీసుకుని పక్కకు వెళ్లాడు. తిరిగొచ్చేసరికి గొంతు మారింది. "ఇద్దరూ ఒప్పుకుంటున్నట్టు రాసిస్తే చేసేద్దాం" అన్నాడు.

"రాస్తాం గానీ, ముందు ఈయమ్మ తోల్తే నాను సూడాల" అన్నారు పెద్దాయన, పక్క సీట్లోకి ఎక్కుతూ. ప్రమాదం తర్వాత స్టీరింగ్ పట్టుకోవడం అదే మొదలు. ఎడమకాలు అలవాటుగా లేని క్లచ్ కోసం వెతికింది. కుడికాలు మాత్రం తన పని తాను చేసుకుపోయింది. హైవే మీద కొంతదూరం వెళ్లి వెనక్కి తిప్పాను. లారీ హారన్ కొడితే తొణక్కుండా దారిచ్చాను. దిగేటప్పుడు ఆయన, "బాగానే తోల్తన్నావు. నాకైతే నిద్దరొచ్చీసింది" అన్నారు.

రిజిస్ట్రేషన్ పనులయ్యాక ఒక ఆదివారం డెలివరీకి మా ఆయనా వచ్చారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. బయల్దేరాం. అనకాపల్లి దాటేదాకా ఆయన కిటికీ పైనున్న హ్యాండిల్ వదల్లేదు. ఆ తర్వాత మెల్లగా వదిలేసి, ఏసీ తగ్గించి, రేడియో స్టేషన్లు మార్చడం మొదలుపెట్టారు. గాజువాక వచ్చింది. నేను ఇండికేటర్ వేయలేదు.

"మన సందు దాటిపోయావు" అన్నారు.

"తెలుసు. రుషికొండ బీచ్‌కి వెళ్దాం."

ఆయన సీటు కాస్త వెనక్కి జరుపుకుని, హాయిగా కాళ్లు చాపుకున్నారు.